పొద్దున్నే గుప్పెడు మాత్రలు, సాయంత్రానికి అదే నీరసం

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, బరువు 68 కిలోలు. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి నాలుగేళ్లు. నాలుగేళ్లుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. ఏడాది నుంచి ఒకటే నీరసం, తల దువ్వితే జుట్టు కుచ్చులుగా వస్తోంది. ఎవరో చెప్పారని ఒకటి, వీడియో చూసి ఇంకోటి మొదలుపెట్టి ఇప్పటికి ఎనిమిది అయ్యాయి: మల్టీవిటమిన్, ఐరన్, కాల్షియం, విటమిన్ డి, 10,000 మైక్రోగ్రాముల బయోటిన్, హెయిర్ గమ్మీలు, ఫిష్ ఆయిల్, బరువు తగ్గడానికి గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్. మర్చిపోతానని థైరాయిడ్ మాత్రతో కలిపి అన్నీ పొద్దున్నే టీతో వేసేసుకుంటాను. పొద్దున తినడానికి టైం ఉండదు, మధ్యాహ్నం ఏదో ఒకటి, రాత్రి తొమ్మిదిన్నరకి కడుపునిండా తింటాను. మధ్యలో నాలుగైదు టీలు. మూడు నెలల క్రితం టెస్టులో టీఎస్‌హెచ్ బాగా తక్కువ వచ్చిందని డాక్టర్ థైరాయిడ్ డోసు తగ్గించారు. అప్పటి నుంచి నీరసం ఇంకా పెరిగింది. మా ఆయన అన్నీ చెత్తబుట్టలో పారేయమంటున్నారు. వీటిలో ఏవి ఉంచుకోవాలి? అసలు తిండితోనే అన్నీ వస్తాయా? మా అమ్మకి 66 ఏళ్లు, చాలా ఏళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతోంది, పాదాలు తిమ్మిరెక్కుతున్నాయంటోంది. నా మల్టీవిటమిన్ ఆవిడకి కూడా ఇవ్వొచ్చా?

సమాధానం:

మీ ఉత్తరం చదువుతూ రెండు చోట్ల ఆగిపోయాను. అన్నీ కలిపి టీతో వేసుకుంటున్నానన్న చోట ఒకసారి, టీఎస్‌హెచ్ తక్కువ వచ్చిందని డోసు తగ్గించారన్న చోట ఇంకోసారి. ఏవి ఉంచాలి, ఏవి మానాలి అన్నది తర్వాత చూద్దాం. నీరసం పోవాలని మీరు వేసుకుంటున్న మాత్రలే మీ థైరాయిడ్ మాత్రకి అడ్డం పడుతున్నాయేమో, పైగా ఆ సంగతి రిపోర్టులో కనపడకుండా చేస్తున్నాయేమో అని నాకు గట్టి అనుమానం.

థైరాయిడ్ మాత్ర, అంటే లివోథైరాక్సిన్, డోసు మైక్రోగ్రాముల్లో ఉండే మందు. కడుపులో కాల్షియమో ఐరనో ఎదురైతే వాటితో అతుక్కుపోతుంది, అలా అతుక్కున్న భాగం రక్తంలోకి చేరకుండానే బయటికి పోతుంది. అందుకే దాన్ని పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట వరకు ఏమీ తినొద్దంటారు, కాల్షియం గానీ ఐరన్ గానీ ఉన్నదేదైనా, మల్టీవిటమిన్‌తో సహా, నాలుగు గంటల తర్వాతే వేసుకోమంటారు. కాఫీ కూడా దాన్ని సరిగ్గా పట్టనివ్వదు, టీని కూడా అంతే దూరంలో ఉంచడం మంచిది. మీరేమో ఆ చిన్న మాత్రను ఐరన్, కాల్షియం, మల్టీవిటమిన్, టీ నాలుగింటితో కలిపి ఒకే గుక్కలో మింగుతున్నారు. అందులో ఎంత ఒంటికి పడుతోందో ఎవరూ చెప్పలేరు. రోజూ మర్చిపోకుండా వేసుకుంటున్నా సగం డోసు వేసుకున్నవాళ్లలా ఉండే అవకాశం ఉంది, ఆ కొరత మొదట కనపడేది నీరసంలో, జుట్టులో, బరువులో, మలబద్ధకంలో.

టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ని పని చేయమని మెదడు అడుగున ఉన్న గ్రంథి పంపే హార్మోన్, ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే ఇది పెరుగుతుంది. అలా అయితే టీఎస్‌హెచ్ పెరగాలి కదా, నాకు తగ్గిందేమిటి అని మీరు అడగొచ్చు. ఇక్కడే బయోటిన్, అంటే జుట్టుకని అమ్మే ఓ బీ విటమిన్, వస్తుంది. చాలా ల్యాబుల్లో ఈ హార్మోన్ టెస్టులు చేసే పద్ధతిలోనే బయోటిన్‌ని ఒక జిగురులా వాడతారు. రక్తంలో బయట నుంచి వచ్చిన బయోటిన్ ఎక్కువగా ఉంటే ఆ జిగురు పని చెడిపోయి, టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, థైరాయిడ్ హార్మోన్లైన టీ3, టీ4 ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. కాగితం మీద చూస్తే థైరాయిడ్ మందు ఎక్కువైపోయినట్టే ఉంటుంది. అది చూసిన ఏ డాక్టరైనా డోసు తగ్గిస్తారు, అందులో ఆయన తప్పేమీ లేదు. ఒంటికి రోజుకి కావాల్సిన బయోటిన్ 30 మైక్రోగ్రాములు, మీరు వేసుకునేది 10,000. అంటే మూడు వందల రెట్ల పైన, గమ్మీల్లో ఉన్నది లెక్కలోకి తీసుకోకుండానే. అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ దీని గురించి 2017లోనే హెచ్చరించింది, గుండెపోటు వచ్చిందో లేదో చూసే ట్రోపోనిన్ టెస్టు కూడా దీనివల్ల తప్పుగా తక్కువ చూపించొచ్చని చెప్పింది. జుట్టు కోసం వేసుకునే మాత్ర గుండె రిపోర్టుని మార్చగలదని మనలో ఎంతమందికి తెలుసు?

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఏం మందులు వాడుతున్నారని డాక్టర్ అడిగితే సప్లిమెంట్ల పేర్లు ఎవరూ చెప్పరు, అవి మందులు కావు కదా అనుకుంటారు. మీరు కూడా చెప్పి ఉండరు.

ఇది నా అనుమానమే తప్ప రుజువైన విషయం కాదు. మీ టీఎస్‌హెచ్ నిజంగానే తక్కువ ఉండి ఉండొచ్చు, అలాంటప్పుడు డోసు తగ్గించడం సరైన పనే. అందుకని పాత డోసుకి మీ అంతట మీరు వెళ్లిపోకండి. బయోటిన్, గమ్మీలు రెండూ ఇవాళే ఆపండి. టెస్టుకి ముందు కనీసం రెండు రోజులు ఆపాలని అంటారు, మీది పెద్ద డోసు కాబట్టి నేనైతే వారం ఆగమంటాను. ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లి ఎనిమిదింటి పేర్లు, డోసులు, ఇన్నాళ్లూ ఎలా వేసుకున్నారో అన్నీ చెప్పి టెస్టు మళ్లీ చేయించండి. వీలైతే సీసాలన్నీ సంచిలో వేసి పట్టుకెళ్లండి, కాగితం మీద రాసుకెళ్లే దానికంటే అది మేలు. ఈలోపు థైరాయిడ్ మాత్రని విడిగా, లేవగానే, నీళ్లతో వేసుకోవడం మొదలుపెట్టండి. వేసుకునే పద్ధతి మారాక టీఎస్‌హెచ్ ఒక నిలకడకి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, కాబట్టి ఆ తర్వాత ఇంకోసారి చూపించుకోవాలి. పది రోజుల్లో తేడా కనపడలేదని నిరాశపడకండి.

ఇక ఐరన్. ఎనిమిదిలో మీకు నిజంగా అవసరం అయి ఉండే అవకాశం అన్నింటికంటే దీనికే ఎక్కువ, మీరు అన్నింటికంటే వృథా చేస్తున్నదీ దీన్నే. హిమోగ్లోబిన్ టెస్టు గురించి గానీ ఫెరిటిన్ గురించి గానీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. హిమోగ్లోబిన్ అంటే రక్తంలో తిరుగుతున్న ఐరన్ అనుకోండి, ఫెరిటిన్ అంటే దాచిపెట్టిన నిల్వ. నిల్వ పూర్తిగా కరిగిపోయేదాకా హిమోగ్లోబిన్ నార్మల్‌గానే కనపడొచ్చు, మనిషి మాత్రం మెట్లెక్కితే ఆయాసపడుతూ, మధ్యాహ్నానికే వాలిపోతూ ఉంటుంది. నెలసరిలో రక్తం ఎక్కువగా పోయేవాళ్లలో ఇది మరీ మామూలు. మీకు ఏడు రోజులకి మించి అవుతున్నా, గడ్డలు పడుతున్నా, గంట రెండు గంటలకే ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా అది ఆడవాళ్లందరికీ ఉండేదేలే అని సర్దుకుపోకండి, డాక్టర్‌కి చెప్పండి. కన్నం మూయకుండా కుండలో నీళ్లు పోస్తూ ఉంటే ఎప్పటికి నిండుతుంది?

ఫెరిటిన్ తక్కువని తేలితే ఐరన్ మాత్ర వేసుకోవాలి, కానీ ఇప్పుడు వేసుకుంటున్నట్టు కాదు. టీలో ఉండే పాలీఫినాల్స్ ఐరన్‌ని పట్టేసుకుంటాయి, భోజనంతో పాటు తాగిన కప్పు టీ ఆ భోజనంలోని ఐరన్‌లో సగానికి పైగా ఒంటికి పట్టకుండా చేయగలదు. కాల్షియం కూడా అడ్డే. విటమిన్ సి మాత్రం సాయం చేస్తుంది, కాబట్టి నీళ్లలో కాస్త నిమ్మరసం పిండుకుని దాంతో వేసుకుంటే మంచిది. ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఐరన్ మాత్ర వేసుకోగానే ఒంట్లో హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, దాదాపు ఒక రోజంతా పేగుల తలుపు ఓరగా మూసేస్తుంది, మర్నాడు వేసుకున్న మాత్రలో తక్కువే లోపలికి వెళ్తుంది. నిల్వలు తక్కువున్న ఆడవాళ్లకి రోజు విడిచి రోజు ఇచ్చి చూసిన పరిశోధనల్లో మాత్రకి మాత్ర ఎక్కువ ఐరన్ ఒంటికి పట్టిందని తేలింది, ఆ ఫలితాలు 2017లో వచ్చాయి. మలబద్ధకం, వికారం వల్ల రోజూ వేసుకోలేకపోతున్నవాళ్లు ఈ పద్ధతి గురించి డాక్టర్‌ని అడగొచ్చు. సీసా మీద అంకె చూసేటప్పుడు కూడా కాస్త జాగ్రత్త, ఫెర్రస్ సల్ఫేట్ 325 మిల్లీగ్రాములు అని రాసి ఉంటే అందులో అసలు ఐరన్ 65 మాత్రమే. వాడుతున్నంతకాలం మలం నల్లగా రావడం మామూలే. వాడకుండానే నల్లగా, తారులా వస్తే మాత్రం అది వేరే సంగతి, వెంటనే చూపించుకోవాలి.

ఫెరిటిన్ బాగానే ఉందంటే ఐరన్ ఆపేయండి. ఎక్కువైన ఐరన్‌ని బయటికి పంపే దారి మన ఒంటికి లేదు, అది కాలేయంలో పేరుకుంటుంది.

జుట్టు విషయానికొస్తే, రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం ఎవరికైనా ఉండేదే. అంతకు మించి కుచ్చులుగా వస్తోందంటే రెండు మూడు నెలల వెనక్కి వెళ్లి చూడాలి. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, ఒక్కసారిగా బరువు తగ్గడం, తిండి బాగా తగ్గించడం, ఇలాంటివి ఏవైనా జరిగితే ఆ దెబ్బ జుట్టులో కనపడేది అన్ని నెలల తర్వాతే. థైరాయిడ్ సరిగ్గా లేకపోయినా, ఐరన్ తక్కువైనా, ప్రొటీన్ చాలకపోయినా రాలుతుంది. బయోటిన్ తక్కువై జుట్టు రాలడం మాత్రం మామూలుగా తినే మనుషుల్లో చాలా అరుదు. మీకు బయోటిన్ లోపం ఉందని ఎవరూ తేల్చలేదు, డబ్బా మీద జుట్టు బొమ్మ ఉందని కొన్నారు. ఇలా అంటున్నానని కోపం తెచ్చుకోకండి, రోజూ రాలే జుట్టుని చేతిలోకి తీసుకుని చూసుకుంటే ఎవరికైనా భయం వేస్తుంది, ఆ భయంలోనే ఇలాంటివి కొంటాం.

గమ్మీల మీద నాకున్న అసలు అభ్యంతరం వేరే ఉంది. విటమిన్ ఎ ఎక్కువైతే జుట్టు రాలుతుంది. సెలీనియం అనే ఖనిజం ఎక్కువైనా రాలుతుంది. మీ మల్టీవిటమిన్‌లో ఈ రెండూ ఉండే ఉంటాయి, గమ్మీల్లోనూ ఉండొచ్చు. రెండు లేబుళ్లూ పక్కపక్కన పెట్టి కూడి చూడండి. 2008లో అమెరికాలో ఒక ద్రవరూప సప్లిమెంట్‌లో లేబుల్ మీద రాసినదానికి సుమారు రెండు వందల రెట్లు సెలీనియం పడి, పది రాష్ట్రాల్లో 201 మంది జబ్బుపడ్డారు. వాళ్లకి వచ్చిన లక్షణాల్లో జుట్టు ఊడిపోవడం, విపరీతమైన అలసట, కీళ్ల నొప్పులు ఉన్నాయి. ఆరోగ్యం కోసం తాగినవాళ్లే వాళ్లంతా. మీ సీసాలో అలా జరిగిందని నేను అనడం లేదు. లేబుల్ మీద రాసిందే లోపల ఉందని మందుల విషయంలో ఉన్నంత భరోసా సప్లిమెంట్ల విషయంలో ఉండదు, కొనక తప్పనప్పుడు కంపెనీతో సంబంధం లేని ల్యాబ్ పరీక్షించినట్టు ముద్ర ఉన్నదాన్నే కొనండి.

గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ ఈ రోజే మానేయండి. దీని మీద నాకు రెండో మాట లేదు. కప్పులో తాగే గ్రీన్ టీ వేరు, దాన్ని పిండి చిక్కబరిచి క్యాప్సూల్‌లో కుక్కింది వేరు. ఆ చిక్కటి రూపం, అందులోనూ మీరు చేస్తున్నట్టు ఖాళీ కడుపుతో వేసుకున్నప్పుడు, కొందరిలో కాలేయాన్ని గట్టిగా దెబ్బతీసింది. ఎవరికి అలా అవుతుందో ముందే తెలుసుకునే మామూలు మార్గం లేదు. పసుపులోని కర్‌క్యుమిన్‌కి మిరియాల సారం కలిపి అమ్మే క్యాప్సూళ్ల వల్ల కూడా ఇలాంటి కేసులు వచ్చాయి, కాబట్టి దీని బదులు అది అనుకోకండి. ఆకలి చచ్చిపోవడం, ఒళ్లంతా దురద, మూత్రం ముదురు రంగులో రావడం, కళ్లు పచ్చబడటం ఏది కనపడినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. డాక్టర్‌ని కలిసినప్పుడు నీరసం ఎలాగూ ఉంది కాబట్టి కాలేయం టెస్టు కూడా ఒకసారి రాయమని అడగండి. మీ బరువు సంగతంటారా, థైరాయిడ్ సరిగ్గా పట్టడం మొదలై రాత్రి భోజనం కాస్త ముందుకి జరిగితే అది చేసే మేలు ఏ క్యాప్సూలూ చేయలేదు.

విటమిన్ డి మీకు ఉపయోగపడొచ్చు, రోజంతా గదిలోనే ఉండే మనిషి కదా. ఒక్కసారి 25-హైడ్రాక్సీ విటమిన్ డి టెస్టు చేయించుకోండి. మిల్లీలీటరు రక్తానికి 20 నానోగ్రాముల కంటే తక్కువుంటే డాక్టర్ చెప్పిన డోసు, చెప్పినన్నాళ్లు. మామూలుగా పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది 600 యూనిట్లు, సొంతంగా 4,000 దాటకూడదు. ఇది కొవ్వులో కరిగే విటమిన్, భోజనంతో వేసుకుంటేనే బాగా పడుతుంది, ఎక్కువైతే మూత్రంలో పోదు, ఒంట్లోనే ఉండిపోతుంది. వారానికి ఒకటి వేసుకోమని ఇచ్చిన పెద్ద డోసుని పొరపాటున రోజూ వేసుకుని, రక్తంలో కాల్షియం పెరిగిపోయి, వాంతులతో, దెబ్బతిన్న కిడ్నీలతో ఆసుపత్రిలో చేరినవాళ్లున్నారు. అలాగే లోపం లేనివాళ్లకి దీనివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. అమెరికాలో 25,871 మంది మీద వైటల్ అనే పరిశోధన జరిగింది, రోజుకి 2,000 యూనిట్ల చొప్పున అయిదేళ్ల పైన ఇచ్చి చూస్తే క్యాన్సర్లు గానీ గుండెపోట్లు గానీ తగ్గలేదు, ఎముకలు విరగడం కూడా తగ్గలేదు. వాళ్లలో చాలామందికి ముందే సరిపడా డి ఉంది మరి.

కాల్షియం మీ వయసుకి రోజుకి 1,000 మిల్లీగ్రాములు కావాలి. పాలు, పెరుగు, నువ్వులు, ఆకుకూరల్లోంచి ఎంత వస్తోందో ముందు చూసుకోండి, రెండు మూడు గ్లాసుల పాలో పెరుగో తీసుకునేవాళ్లకి మాత్రతో పనుండదు. చాలకపోతే ఆ మిగిలినదానికే మాత్ర, అదీ ఒకసారికి 500 మిల్లీగ్రాములు మించకుండా, కాల్షియం కార్బొనేట్ అయితే భోజనంతో. రాత్రి భోజనం దగ్గర పెట్టుకుంటే థైరాయిడ్ మాత్రకి దూరంగా ఉంటుంది.

ఫిష్ ఆయిల్ సీసా అయిపోయాక మళ్లీ కొనకండి, చేపలు తినేవాళ్లయితే వారానికి రెండుసార్లు తినండి, చాలు. మల్టీవిటమిన్ వల్ల హాని తక్కువ, కానీ ఈ రెండు నెలలు పక్కన పెడితే ఏది ఎందుకు పనిచేస్తోందో తేలిగ్గా తెలుస్తుంది. ఒక్క మినహాయింపు ఉంది. ఇంకో బిడ్డని అనుకుంటుంటే ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు గర్భం రాకముందు నుంచే వేసుకోవాలి. బిడ్డ వెన్నుపాము లోపాలు బాగా తగ్గుతాయని 1991లోనే గట్టిగా రుజువైంది. విటమిన్ ఎ ఎక్కువున్నవి మాత్రం అప్పుడు అస్సలు ముట్టుకోకూడదు.

తిండితోనే అన్నీ వస్తాయా అని అడిగారు. చాలావరకు వస్తాయి, ఇప్పుడు మీరు తింటున్న పద్ధతిలో మాత్రం రావు. పొద్దున ఏమీ లేదు, మధ్యాహ్నం ఏదో ఒకటి, రోజంతటికీ సరిపడా తిండి రాత్రి తొమ్మిదిన్నరకి. పగలంతా ఒంటిని టీతో, అందులో చక్కెరతో నెట్టుకొస్తున్నారు. ఈ నీరసంలో కొంత భాగం కేవలం ఆకలి అని నాకనిపిస్తోంది. టీతో చచ్చిపోయిన ఆకలిని మనం ఆకలని గుర్తుపట్టం. మీ బరువుకి రోజుకి కనీసం 54 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఎనిమిది, కప్పు ఉడికిన శనగల్లోనో పప్పులోనో పద్నాలుగు పదిహేను ఉంటుంది. ఇదంతా రాత్రి ఒక్కపూటే తినేయడం కంటే మూడు పూటలకి పంచుకుంటే ఒంటికి బాగా ఉపయోగపడుతుంది, మధ్యాహ్నం మూడింటికి వచ్చే ఆ తూగు కూడా తగ్గుతుంది. పొద్దున వండే టైం లేదంటే ముందురోజు రాత్రే రెండు గుడ్లు ఉడకబెట్టి పెట్టుకోండి, గుడ్డు తినకపోతే నానబెట్టిన శనగలో మొలకలో, ఒక పండు. థైరాయిడ్ మాత్ర వేసుకుని పిల్లల్ని తయారుచేసేసరికి ఆ గంట ఎలాగూ గడిచిపోతుంది. మొలకెత్తించినవాటిలో ఐరన్‌ని పట్టుకుని వదలని ఫైటేట్లు కూడా తగ్గుతాయి. మధ్యాహ్నం పప్పు, ఆకుకూర, దాని మీద నిమ్మరసం, టీ మాత్రం తిన్న గంటన్నరకి. కూరగాయలు, పండ్లు కలిపి రోజుకి 400 గ్రాములు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, ఒక్కరోజు తూకం వేసి చూసుకోండి, మనం తినేది ఎంత తక్కువో అర్థమవుతుంది.

తిండిలో ఉన్నదే మాత్రలోనూ ఉంది కదా అనేవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది ఫిన్లాండ్ సంగతి. పండ్లు, కూరగాయలు బాగా తిని రక్తంలో బీటా కెరోటిన్, అంటే క్యారెట్‌కి ఆ రంగునిచ్చే పదార్థం, ఎక్కువున్నవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువ వస్తోందని గమనించి, అయితే ఆ బీటా కెరోటిన్‌నే మాత్రగా ఇద్దామని 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద పరిశోధన చేశారు, కొందరికి అసలు మాత్ర, కొందరికి ఉత్తుత్తి మాత్ర. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో క్యాన్సర్ తగ్గలేదు సరికదా, వేసుకోనివాళ్ల కంటే 18 శాతం ఎక్కువగా వచ్చింది. క్యారెట్ తినేవాళ్లని కాపాడింది ఆ ఒక్క పదార్థమే కాదన్నమాట, క్యారెట్‌లో ఉన్న మిగతావన్నీ, పీచుతో సహా, వాళ్ల మిగతా అలవాట్లతో సహా. ఒక్కదాన్ని విడదీసి పెద్ద మోతాదులో ఇచ్చేసరికి అది ఇంకేదో అయ్యింది.

ఇంతమాత్రాన మీ ఆయన అన్నట్టు అన్నీ చెత్తబుట్టలో వేయమని నేననను. లోపం ఉన్నచోట మాత్ర ప్రాణం నిలబెడుతుంది. మీ అమ్మగారి విషయం చూడండి.

మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి విటమిన్ బీ12 సరిగ్గా ఒంటికి పట్టదు. వయసు పెరిగేకొద్దీ కడుపులో ఆమ్లం తగ్గి తిండిలోని బీ12 విడిపోవడం కూడా కష్టమవుతుంది, గ్యాస్ అని రోజూ ఇంకో మాత్ర వేసుకుంటుంటే మరింత. బీ12 సహజంగా దొరికేది మాంసం, చేపలు, గుడ్లు, పాలలోనే. పాదాల తిమ్మిర్లు షుగర్ వల్ల రావొచ్చు, బీ12 తగ్గినా రావొచ్చు, రెండూ కలిసి కూడా ఉండొచ్చు. షుగర్ ఉన్న మనిషికి తిమ్మిరంటే షుగరేలే అని అందరూ అక్కడితో వదిలేస్తారు. బీ12 లోపం చాలాకాలం అలాగే ఉండిపోతే నరాలకి జరిగిన నష్టం మళ్లీ వెనక్కి రాదు, మతిమరుపు, నడకలో తూలడం కూడా మొదలవుతాయి.

అందుకని మీ మల్టీవిటమిన్ ఆవిడకి ఇవ్వకండి. అందులో బీ12 కొద్దిగా, ఫోలిక్ యాసిడ్ దండిగా ఉంటే చిక్కే, ఫోలిక్ యాసిడ్ రక్తహీనతని సరిచేసేసి లోపాన్ని కప్పేస్తుంది, లోపల నరాలు పాడవుతూనే ఉంటాయి. పైగా ముందే మాత్ర మొదలుపెడితే తర్వాత చేయించే టెస్టులో అంకె పెరిగి కనపడుతుంది. ముందు బీ12 టెస్టు, ఆ తర్వాతే మాత్ర. తక్కువని తేలితే ఇంజెక్షనా, 1,000 మైక్రోగ్రాముల మాత్రా అన్నది డాక్టర్ చెబుతారు, బీ12ని ఒంటికి పట్టించే మామూలు దారి సరిగ్గా పనిచేయనివాళ్లలో కూడా అంత డోసులో ఒక శాతం దాకా నేరుగా లోపలికి వెళ్తుంది, అదే సరిపోతుంది. మెట్‌ఫార్మిన్ మాత్రం ఆపనివ్వకండి. నరాల బలానికని ఎవరైనా బీ6 ఎక్కువున్న మాత్రలు ఇచ్చారేమో కూడా చూడండి, నెలల తరబడి ఎక్కువ మోతాదులో వాడితే ఆ బీ6 కూడా తిమ్మిర్లు తెస్తుంది. ఈలోపు రోజూ రాత్రి ఆవిడ పాదాల అడుగు మీరే ఒకసారి చూడండి, తిమ్మిరి ఉన్న కాలికి పుండు పడినా తెలియదు. ఆవిడని వట్టికాళ్లతో నడవనివ్వకండి.

ఒక్క పని మాత్రం రేపటికి వాయిదా వేయకండి. మీ చిన్నవాడికి నాలుగేళ్లన్నారు. గమ్మీలు వాడి కంటికి అచ్చం చాక్లెట్లే, ఐరన్ మాత్రల పైపూత కూడా తియ్యగా, రంగుగా ఉంటుంది. పిల్లలు మందులు మింగి ప్రాణం మీదికి తెచ్చుకునేవాటిలో ఐరన్ చాలా ప్రమాదకరమైంది, గుప్పెడు మాత్రలు చాలు. మింగాడని అనుమానం వచ్చినా వాంతులయ్యేదాకా చూడకుండా, సీసా చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఇది చదవడం అవగానే లేచి, ఆ సీసాలన్నీ మూత బిగించి, వాడు కుర్చీ వేసుకున్నా అందని పై అరలో పెట్టి తాళం వేయండి.